పసుపు ఎంత, ప్రమోటర్ ఎంత: గాల్1 ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 10

మేడమ్ నాలుగు చిన్న ట్యూబులు నా చేతిలో పెట్టి, "ఇవే నీ ప్రాజెక్టు, జాగ్రత్తమ్మా" అన్నారు. ఒక్కోదాంట్లో ఓ బొట్టు నీళ్ళలాంటిది తప్ప ఏమీ కనబడలేదు. ఆ బొట్టులో ప్లాస్మిడ్, అంటే కణంలోకి జన్యువును మోసుకెళ్ళే గుండ్రటి చిన్న డీఎన్ఏ ఉంది. నాలుగింట్లోనూ ఉన్నది ఒకటే జన్యువు, ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి తెచ్చిన లాక్‌జడ్. దాని ముందు అతికించిన ప్రమోటర్ ముక్క మాత్రం ఒక్కో ట్యూబులో ఒక్కో రకం.

జన్యువును ఎప్పుడు చదవాలి, ఎంత చదవాలి అన్నది దాని ముందుండే ప్రమోటర్ దగ్గర తేలుతుంది. ఆ తేలడం మన కంటికి కనబడదు. అందుకని దాని వెనకున్న అసలు జన్యువును తీసేసి, తేలిగ్గా కొలవగలిగే ఇంకో జన్యువును తగిలిస్తారు. అదే రిపోర్టర్. లాక్‌జడ్ నుంచి వచ్చే బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైమ్, ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థాన్ని కోసి పసుపు చేస్తుంది. పసుపు ఎక్కువ వస్తే ప్రమోటర్ గట్టిగా పనిచేసినట్టు. ఇవాళ్టికి నాకు అర్థమైంది అంతే.

మా ప్రమోటర్ ఈస్ట్ (కల్లును పులియబెట్టే ఏకకణ జీవి)లోని గాల్1 అనే జన్యువుది. గాలక్టోజ్ అనే చక్కెరను వాడుకోవడంలో మొదటి మెట్లలో పనిచేసేది ఈ జన్యువే. అయితే గ్లూకోజ్ దొరుకుతున్నంతసేపూ ఈస్ట్ దాని జోలికి పోదు. ఇంట్లో బియ్యం ఉండగా జొన్నలు దంచే పని ఎవరు పెట్టుకుంటారు? ప్రమోటర్ మీద గాల్4 అనే ప్రొటీన్ నాలుగు చోట్ల కూర్చుంటుంది. అది కూర్చునే చోటుకు ఓ గుర్తుంది: డీఎన్ఏ అక్షరాల్లో సీజీజీ, మధ్యలో ఏవైనా 11 అక్షరాలు, తర్వాత సీసీజీ. గాల్80 అనే ఇంకో ప్రొటీన్ గాల్4 నోరు నొక్కి ఉంచుతుంది. గాలక్టోజ్ వచ్చినప్పుడు గాల్3 అనే ప్రొటీన్ ఆ గాల్80ని పట్టుకుని పక్కకు లాగుతుంది, అప్పుడు స్విచ్ పడుతుంది. గ్లూకోజ్ ఉన్నప్పుడు మిగ్1 అనే ప్రొటీన్ వచ్చి ఇదే ప్రమోటర్ మీద తన చోట్లలో కూర్చుని మొత్తం ఆపేస్తుంది.

ఒకటో ట్యూబులో పూర్తి ప్రమోటర్. రెండో దాంట్లో మిగ్1 కూర్చునే చోట్లను చెడగొట్టారు. మూడో దాంట్లో గాల్4 చోట్లు లేవు. నాలుగులో ప్రమోటరే లేదు, ఉత్త లాక్‌జడ్. ఈ నాలుగింటినీ ఈస్ట్‌లోకి ఎక్కించి, గ్లూకోజ్, రాఫినోజ్, గాలక్టోజ్ అనే మూడు రకాల చక్కెరల్లో పెంచి కొలవాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1981లో లెనర్డ్ గ్వారెంటే, మార్క్ టాష్నీ అనే శాస్త్రవేత్తలు ఈస్ట్‌లోని సీవైసీ1 అనే ఇంకో జన్యువుకు లాక్‌జడ్‌ను అతికించి కొలిచారు. మరుసటి ఏడాదికల్లా గ్వారెంటే తోటివాళ్ళతో కలిసి గాల్10 అనే మరో గాలక్టోజ్ జన్యువు ముందున్న డీఎన్ఏ ముక్కను కోసి తెచ్చి సీవైసీ1 ముందు పెట్టారు. సీవైసీ1 కూడా గాలక్టోజ్ మాట వినడం మొదలుపెట్టింది. మాట వినిపించే శక్తి ఆ ముక్కలోనే ఉందని అలా తెలిసింది. చదువుతుంటే ఇంత సింపులా అనిపించింది.

నోట్‌బుక్‌లో నా అంచనా కూడా రాసిపెట్టాను: "రెండో ప్లాస్మిడ్ గ్లూకోజ్‌లో కూడా పసుపు ఇవ్వాలి." కింద గీత కూడా కొట్టాను.

ఫిబ్రవరి 17

ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే ప్లాస్మిడ్‌ను ఈస్ట్ కణాల్లోకి ఎక్కించడం. మా ఈస్ట్ రకం పేరు బీవై4741. బతకడానికి కావలసిన యురాసిల్ అనే పదార్థాన్ని దీనికి సొంతంగా చేసుకోవడం రాదు. మా ప్లాస్మిడ్‌లో ఆ లోటు తీర్చే యూరా3 జన్యువు ఉంది కాబట్టి, యురాసిల్ లేని ప్లేట్ (గట్టిపడ్డ ఆహారం పోసిన పళ్ళెం) మీద ప్లాస్మిడ్ ఎక్కిన కణమే బతుకుతుంది.

చేతిపని ఇది: కణాల మీద 50 శాతం పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) 240 మైక్రోలీటర్లు, 1 మోలార్ లిథియం ఎసిటేట్ 36, మరిగించి ఐసులో పెట్టిన సాల్మన్ చేప డీఎన్ఏ 50, మన ప్లాస్మిడ్ నీళ్ళతో కలిపి 34. బాగా కలిపి 42 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. పెగ్ జిగురుగా తేనెలాగా ఉంటుంది. పిపెట్ తొందరపడి వదిలితే సగం టిప్‌కే అంటుకుపోతుంది. టిప్ చివర కోసుకుని మెల్లగా లాగమని సీనియర్ అక్క చెప్పింది.

ఫిబ్రవరి 20

ప్లేట్లు నున్నగా ఉన్నాయి. ఒక్క కాలనీ (ఒకే కణం నుంచి పెరిగిన చుక్కలాంటి గుంపు) లేదు. ఇంకో రోజు ఆగుదాం.

ఫిబ్రవరి 21

ఇంకా నున్నగానే ఉన్నాయి. చేప డీఎన్ఏ సరిగ్గా మరగలేదేమో, కణాలు ముసలివేమో, ప్లాస్మిడ్ పాడైందేమో అని మధ్యాహ్నం దాకా బుర్ర పాడుచేసుకున్నాను. అక్క వచ్చి ఒకటే అడిగింది: "మీడియం పొడి ఏ డబ్బాలోంచి తీశావ్?" వెళ్ళి చూశాను. యురాసిల్ లేనిది కాదు, లూసిన్ అనే ఇంకో అవసరమైన పదార్థం లేని మిశ్రమం. పక్కపక్కనే ఉంటాయి, రెండూ తెల్లగానే ఉంటాయి. బీవై4741కి లూసిన్ కూడా చేసుకోవడం రాదు, మా ప్లాస్మిడ్ దానికి ఆ విషయంలో ఏ సాయమూ చేయదు. ప్లాస్మిడ్ ఎక్కినవీ ఎక్కనివీ అన్నీ కలిసి చచ్చాయి.

అక్క నవ్వలేదు. "నేను ఎంఫిల్‌లో ఇదే చేశాను, రెండుసార్లు" అంది. డబ్బాల మూతల మీద ఎర్ర మార్కర్‌తో ఇంత పెద్ద అక్షరాలు రాసి వచ్చాను.

ఫిబ్రవరి 27

కాలనీలు వచ్చాయి! నాలుగు ప్లేట్ల మీదా సగ్గుబియ్యం చల్లినట్టు. ఒక్కో ప్లేట్ నుంచి మూడేసి కాలనీలు తీసి కొత్త ప్లేట్ మీద గీశాను.

రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే తాతయ్య తీసుకుని, "ఏం పనే నీది, ఏం పెంచుతున్నవ్?" అన్నాడు. కల్లు పులిసేటప్పుడు అందులో పనిచేసే జీవే అని చెప్పాను. "గట్లనా, మరి చెట్టెక్కకుండ ఎట్ల పెంచుతున్నవ్?" అన్నాడు. అమ్మ పక్క నుంచి ఇడ్లీ పిండిలోది కూడా ఇదేనా అని అడిగింది. అక్కడ ముఖ్యంగా పనిచేసేది బ్యాక్టీరియా అని చెప్తే ఆమెకు నచ్చినట్టు లేదు.

మార్చి 6

రాఫినోజ్ అనే చక్కెర సంగతి రాయాలి, ఎందుకంటే సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. గ్లూకోజ్‌లో పెరిగిన కణాలను నేరుగా గాలక్టోజ్‌లోకి మారిస్తే, గ్లూకోజ్ వేసిన తాళం వదలడానికే గంటలు పడుతుంది. రాఫినోజ్ అయితే అటు తాళం వేయదు, ఇటు స్విచ్ నొక్కదు. అందుకని ముందు 2 శాతం రాఫినోజ్‌లో పెంచి, సరైన సమయానికి 2 శాతం గాలక్టోజ్ కలుపుతారు. కందిపప్పు, శనగలు తింటే కడుపు ఉబ్బరించడానికి కారణమైన చక్కెరల్లో ఇదీ ఒకటి. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు. ఈస్ట్ మాత్రం దాని ఒక చివర ఉన్న ఫ్రక్టోజ్ ముక్కను కొరికి తీసుకుని మెల్లగా పెరుగుతుంది. నిజంగానే మెల్లగా. సాయంత్రం వేసినవి తెల్లారేసరికి ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో, అంటే కణాలు ఎంత పెరిగాయో మిషన్ చెప్పే అంకె) 0.2 కూడా దాటలేదు.

మార్చి 13

మొదటి అసే, అంటే ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష. ఈ రోజు గురించి కాస్త వివరంగా రాస్తాను.

జడ్ బఫర్ అనే ద్రావణంలో ఫాస్ఫేట్లు, పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ ఉంటాయి, పీహెచ్ 7. వాడే ముందు బీటా మెర్కాప్టోఇథనాల్ కలపాలి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఫ్యూమ్ హుడ్‌లో కలిపినా సరే, హాస్టల్‌కి వెళ్ళాక రూమ్మేట్ కిటికీ తీసింది.

కణాలను ఈ బఫర్‌లో కలిపి, కాస్త క్లోరోఫాం, కాస్త 0.1 శాతం ఎస్‌డీఎస్ (సబ్బులాంటిది) వేసి 15 సెకన్లు వొర్టెక్స్ చేస్తే, అంటే మిషన్ మీద గట్టిగా కుదిపితే, కణాల పొర చిల్లులు పడుతుంది. తర్వాత 30 డిగ్రీల దగ్గర పెట్టి, ఓఎన్‌పీజీ వేసి గడియారం చూసుకోవాలి. పసుపు రాగానే 1 మోలార్ సోడియం కార్బనేట్ పోసి ఆపాలి. ఆ క్షారానికి ఎంజైమ్ ఆగిపోతుంది, పసుపు ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది, ఇక్కడేమో క్షారమే పసుపును ఇంకా పసుపు చేస్తుంది. ఈ పసుపు వేరు, ఆ పసుపు వేరు అనుకోండి.

లెక్క జెఫ్రీ మిల్లర్ పేరు మీద ఉంది. 420 నానోమీటర్ల వెలుగు దగ్గర ఓడీని, అంటే పసుపు ఎంతుందో ఆ అంకెను, 1000తో హెచ్చించాలి. దాన్ని నిమిషాలు, తీసుకున్న కల్చర్ (కణాలు పెరిగిన ద్రవం) మిల్లీలీటర్లు, కణాలు ఎంతున్నాయో చెప్పే 600 దగ్గర ఓడీ ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. వచ్చేది మిల్లర్ యూనిట్లు.

గాలక్టోజ్‌లో ఒకటో ప్లాస్మిడ్ ట్యూబు ఓఎన్‌పీజీ పడగానే పసుపెక్కింది. చాలా సంతోషం వేసింది, ఫోటో కూడా తీసుకున్నాను. పది నిమిషాలు ఆగి కార్బనేట్ పోశాను. మిగతా వాటికీ పది నిమిషాలే, అన్నిటికీ సమానంగా ఉండాలి కదా అని. ఓడీ 420 చూస్తే ఒకటోది 2.8, రెండోది 2.7. రెండూ ఒకటే అని రాసేశాను.

మార్చి 14

మేడమ్ నోట్‌బుక్ చూసి పెన్సిల్‌తో 2.8 చుట్టూ సున్నా చుట్టారు. "ఇక్కడ మిషన్ కళ్ళు మూసుకుంది" అన్నారు. ఓడీ 1 దాటాక పెరుగుదల నమ్మదగ్గదిగా ఉండదు. పైగా ట్యూబులో ఉన్న ఓఎన్‌పీజీ అంతా అయిపోతే పసుపు పెరగడమే ఆగిపోతుంది. బలమైన శాంపిల్‌కు రెండు నిమిషాలు చాలు, లేదా కణాలను ఇరవై వంతులు పలచన చేయాలి. బలహీనమైన దానికి గంటైనా ఆగాలి. అన్నిటికీ ఒకే సమయం ఇవ్వడం న్యాయంలా కనబడుతుంది, కానీ అది కొలత కాదు.

ఇంకొకటి కూడా బయటపడింది. ఒక ప్లాస్టిక్ క్యువెట్ (ఓడీ చూసే మిషన్‌లో పెట్టే చిన్న గిన్నె) మసకబారి ఉంది. పిపెట్‌ను అడుగుదాకా ముంచి క్లోరోఫాం కూడా పీల్చి పోసినట్టున్నాను. క్లోరోఫాంకి ఆ ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ మసక కూడా ఓడీగా లెక్కలోకి వచ్చింది. ఇకమీదట కణాల చెత్త దిగేదాకా ట్యూబును స్పిన్ చేసి, పైపైన మాత్రమే తీయాలి.

మార్చి 27

సరిగ్గా చేసిన మొదటి టేబుల్. మూడు కాలనీల సగటు. ఒకటో ప్లాస్మిడ్ గ్లూకోజ్‌లో 0.4, రాఫినోజ్‌లో 3, గాలక్టోజ్‌లో 860. మూడోది, గాల్4 చోట్లు లేనిది, ఎక్కడా 1 దాటలేదు. నాలుగోది ఇంచుమించు సున్నా. ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

రెండోది గ్లూకోజ్‌లో 0.5.

0.5 అంటే పసుపు లేనట్టే. మిగ్1 చోట్లు లేవు కాబట్టి తాళం లేదు, తాళం లేకపోతే తలుపు తెరుచుకోవాలి కదా? ప్లాస్మిడ్ తప్పేమోనని సీక్వెన్సింగ్‌కు, అంటే దాని డీఎన్ఏ అక్షరాలు చదివించడానికి, పంపాను.

ఏప్రిల్ 8

సీక్వెన్స్ వచ్చింది. ప్లాస్మిడ్ సరిగ్గానే ఉంది, మిగ్1 చోట్లు చెడిపోయే ఉన్నాయి. తప్పు నాదే. మేడమ్ బోర్డు మీద బొమ్మ గీసి, "నువ్వు ఒక తాళం తీశావు. ఆ ఇంటికి ఎన్ని తాళాలో చూశావా?" అన్నారు.

లెక్కపెట్టాం. గ్లూకోజ్ మాత్రమే ఉన్న చోట గాలక్టోజ్ లేదు, కాబట్టి గాల్80 ఇంకా గాల్4 నోరు నొక్కే ఉంది. అది ఒకటి. మిగ్1 గాల్4 జన్యువు ప్రమోటర్‌ను కూడా నొక్కుతుంది కాబట్టి అసలు గాల్4 ప్రొటీనే తక్కువ ఉంది. ఇది రెండు. గాలక్టోజ్‌ను లోపలికి తెచ్చే గాల్2 కూడా గ్లూకోజ్ ఉంటే తగ్గిపోతుంది, ఇది మూడు. నేను తీసింది నాలుగోది. నా ప్లాస్మిడ్‌లో మిగ్1 చోట్లు చెడిపోయాయే తప్ప, కణంలో మిగ్1 నిక్షేపంగా ఉంది, మిగతా పనులన్నీ చేస్తూనే ఉంది.

గాల్80 వైపు నుంచి ఆలోచించడం నాకు తట్టలేదు. ఐఐటీ బాంబేలో ఈ గాల్ జన్యువుల మీద పనిచేసిన పి.జె. భట్, జేమ్స్ హాపర్‌తో కలిసి 1992లో చూపించిన సంగతి మేడమ్ చెప్పారు. గాల్3ని మోతాదుకు మించి తయారయ్యేలా చేస్తే గాలక్టోజ్ లేకుండానే స్విచ్ పడుతుంది. అంటే సమతూకం అంతా అక్కడుంది.

"మరి మిగ్1 చోట్లు ఎందుకున్నట్టు మేడమ్?" అని అడిగాను. "అది నువ్వే చెప్పాలి. ఆరిన దీపం ముందు నిలబడి స్విచ్ పనిచేస్తోందా అని చూస్తున్నావు. వెలిగించి ఆర్పి చూడు."

ఏప్రిల్ 22

సరే, వెలిగించి ఆర్పుదాం. రాఫినోజ్, గాలక్టోజ్ కలిపిన మీడియంలో రాత్రంతా పెంచి, ఓడీ 0.5 దగ్గర 2 శాతం గ్లూకోజ్ పోసి, మధ్యమధ్య శాంపిల్ తీయాలని ప్లాన్.

మధ్యాహ్నం ఏసీ పోయింది. గదిలో 37. కణాలను ఊపుతూ పెంచే మా షేకర్‌కు వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. 30 అని పెట్టినా లోపల 38 చూపించింది. కణాలకు ఇది వేసవి కాదు, హీట్ షాక్. అన్నీ పారబోశాను. ఏసీ బాగయ్యేదాకా అసేలు తెల్లవారుజామునే అని నిర్ణయం.

ఏప్రిల్ 30

తెల్లవారి నాలుగింటికి ల్యాబ్. సెక్యూరిటీ అన్న రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటూ "పరీక్షలా అమ్మా?" అన్నాడు. అలాంటిదే అన్నాను.

ఒకటో ప్లాస్మిడ్: గ్లూకోజ్ పోసే ముందు 800 మిల్లర్ యూనిట్లు. ఓడీ 1.0కి వచ్చేసరికి 410. ఓడీ 1.9 దగ్గర 215. ఆరిపోవాల్సిన ప్రమోటర్ గంటల తర్వాత కూడా 215 చూపిస్తోంది! టెన్షన్ వచ్చేసింది. గ్లూకోజ్ బాటిల్‌లో గ్లూకోజ్ ఉందా అని కూడా అనుమానించాను. మూత మీద నేనే రాశాను, ఎర్ర మార్కర్‌తో.

క్యాంటీన్‌లో టీ తాగుతూ అక్కకు చూపిస్తే కాగితం తిప్పి, ఓడీని మిల్లర్ యూనిట్లతో హెచ్చించమంది. 0.5 × 800 = 400. 1.0 × 410 = 410. 1.9 × 215 = 408.5.

కాసేపు ఇద్దరం ఆ మూడు అంకెలనే చూస్తూ కూర్చున్నాం. ఫ్లాస్క్‌లో ఉన్న మొత్తం ఎంజైమ్ మారలేదు. కొత్తది ఒక్క చుక్క తయారు కాలేదు, పాతది చావలేదు. కణాలు రెట్టింపైన కొద్దీ ఉన్నదాన్నే పంచుకున్నాయి, ఆస్తి పంపకాల్లాగా. ప్రమోటర్ వెంటనే ఆరిపోయింది. నేను కొలుస్తున్నది అది వెలిగినప్పుడు చేసిపెట్టిన ఎంజైమ్ నిల్వను. బీటా గాలక్టోసిడేజ్ ఈస్ట్‌లో అంత గట్టి ప్రొటీన్.

ఫిబ్రవరిలో "పసుపు ఎక్కువ వస్తే ప్రమోటర్ గట్టిగా పనిచేసినట్టు" అని రాసుకున్నాను కదా, దాని పక్కన "ఎప్పుడు?" అని రాశాను.

మే 7

రెండో ప్లాస్మిడ్‌తో అదే ప్రయోగం, అదే నాలుగు గంటల వేళ. హెచ్చించిన అంకెలు 390, 520, 570. ఇది ఒకటోదానిలా ఆగలేదు! గ్లూకోజ్ పడ్డాక కూడా కాసేపు కొత్త ఎంజైమ్ చేస్తూనే ఉంది, తర్వాత మెల్లగా నెమ్మదించింది. నా చదువు ప్రకారం, గాల్1 ప్రమోటర్ మీద మిగ్1 చేసే పని త్వరగా ఆర్పడం. అది లేకపోయినా గాల్4 తగ్గి, గాలక్టోజ్ లోపలికి రావడం తగ్గి, దీపం ఆరుతుంది గానీ ఆలస్యంగా ఆరుతుంది. ఉత్త గ్లూకోజ్‌లో కొలిచి ఉంటే ఈ తేడా ఎన్నటికీ కనబడేది కాదు.

మూడుసార్లు చేసి చూడాలి, ఒక్కసారి నమ్మకూడదు. కానీ పరుగెత్తుకుంటూ వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "మిగిలిన రెండుసార్లు ఎప్పుడు?" అన్నారు. మూతి మాత్రం నవ్వింది.

మే 16

మూడుసార్లూ అదే పోకడ. అంకెలు అటూ ఇటూ ఉన్నా వాలు ఒకటే.

పక్క ల్యాబ్‌లో గాల్1 ప్రమోటర్ వెనక జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) జన్యువు పెట్టిన ఈస్ట్ ఉందంటే, గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ కలిపి పెంచి మైక్రోస్కోప్ కింద చూపించారు. కొన్ని కణాలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, పక్కనే ఉన్నవి నల్లగా ఉన్నాయి. మధ్యరకం దాదాపు లేవు. ఇదే కల్చర్‌ను నేను చిల్లులు పొడిచి ఓఎన్‌పీజీ పోసి ఉంటే "సగం వెలుగు" అని రాసేదాన్ని. సగం వెలిగే కణం అందులో వెతికినా దొరకదు. దీని గురించి ఈసారి చేసేంత టైమ్ లేదు, రిపోర్టులో ఒక పేరా మాత్రం పెడతాను.

మే 24

ఆర్పే వేగం సరిగ్గా కొలవాలంటే త్వరగా నశించే రిపోర్టర్ కావాలి. ఈస్ట్‌లో మామూలు జీఎఫ్‌పీ సగం తగ్గడానికి ఇంచుమించు 7 గంటలు పడుతుంది. దానికి సీఎల్ఎన్2 అనే త్వరగా నశించే ప్రొటీన్ తోక తగిలిస్తే అరగంటకు దిగుతుంది. తోక తగిలించిన ప్లాస్మిడ్ అక్క ఫ్రీజర్‌లో ఉందట. నా తర్వాత వచ్చే జూనియర్‌కు అప్పగించాలి.

ఇవాళ పన్నెండు కాలనీలనూ గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో పెట్టాను. ట్యూబుల మూతల మీద తేదీ, ప్లాస్మిడ్ నంబరు, కాలనీ నంబరు. రెండో ప్లాస్మిడ్ పెట్టె మీద "గ్లూకోజ్‌లో పసుపు రాదు, గాలక్టోజ్‌లో వెలిగించి ఆర్పి చూడు" అని తెలుగులోనే రాశాను. ఇంకు ఆరేలోగా మంచు పట్టేసింది, మళ్ళీ తుడిచి రాయాల్సి వచ్చింది.